21 ఏళ్ల మావాడికి పని నేర్పాలి, ఎక్కడ మొదలుపెట్టాలి?

తెనాలి అమ్మ:

అందరికీ నమస్కారం. మాది తెనాలి. మావాడికి మొన్న శ్రావణంలో 21 నిండాయి. మేధో వైకల్యం, సర్టిఫికెట్‌లో 75 శాతం అని ఉంది. మాటలు వస్తాయి కానీ రెండు మూడు పదాల కంటే ఎక్కువ కలపడు. తన పేరు రాస్తాడు. 20 దాకా లెక్కపెడతాడు, ఆ తర్వాత తికమక పడతాడు. పదేళ్లు స్పెషల్ స్కూలుకు వెళ్లాడు. అక్కడ కొవ్వొత్తులు పోయడం, కాగితం కవర్లు అంటించడం, దీపావళికి ప్రమిదలకు రంగులు వేయడం నేర్పారు. 18 దాటాక స్కూలు అయిపోయింది. మూడేళ్లుగా ఇంట్లోనే ఉన్నాడు. ఆ కొవ్వొత్తుల పని మళ్లీ చేసే అవసరమే రాలేదు.

పొద్దున్నే లేచిన దగ్గర్నుంచి వాడి పనులన్నీ నావే. బ్రష్ మీద పేస్ట్ వేస్తాను, స్నానం చేయిస్తాను, ఆదివారం వాళ్ల నాన్న గడ్డం గీస్తారు. అన్నం నేనే కలిపి పెడతాను. కలుపుకోవడం వాడికి చేతకాదని కాదు, చొక్కా మీద పోసుకుంటాడని. మిగిలిన టైమంతా టీవీ. ఒక్క పని మాత్రం ఎవరూ చెప్పకుండా చేస్తాడు. బజారు నుంచి కూరగాయలు తెస్తే కవర్ల ముళ్లన్నీ విప్పి, చదును చేసి, సైజుల వారీగా మడిచి డబ్బాలో పెడతాడు. అందులో ఒక్కటి తేడా వచ్చినా ఊరుకోడు.

నిరుడు మా వీధి చివర ఒక షాపు వాళ్లు "పంపండమ్మా, ఏదో ఒకటి చేస్తాడు" అన్నారు. ఎంతో ఆశతో పంపాను. 23 రోజులు వెళ్లాడు. ఒకరోజు బస్తాలు జరపమన్నారు, ఒకరోజు ఊడవమన్నారు, ఒకరోజు టీలు తెమ్మన్నారు. టీల కోసం 200 నోటు ఇస్తే 20 అనుకుని టీ కొట్లో ఇచ్చేసి, చిల్లర తీసుకోకుండా వచ్చేశాడట. జనం ముందు గట్టిగా తిట్టారు. ఆ రోజుతో ఆపేశాడు. డబ్బులేమీ ఇవ్వలేదు, మేమూ అడగలేదు. చాలా రోజులు షాపు అన్న మాట వినపడితే చెవులు మూసుకునేవాడు. అప్పటి నుంచి మళ్లీ ఎక్కడికైనా పంపాలంటే నాకే టెన్షన్.

నాకు 49. ఆయనకు షుగర్, ఈమధ్య చూపు కూడా తగ్గింది. పింఛను నెలకు 6000 వస్తోంది, డబ్బు కోసం మాత్రమే అడగడం లేదు. వాడు రోజంతా గోడ వంక చూస్తూ కూర్చుంటే నా ప్రాణం ఆగడం లేదు. ఇలాంటి పిల్లలకు నిజంగా పని నేర్పవచ్చా? నేర్పాలంటే ఇంట్లో మేం ఏం చేయాలి? అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

వొకేషనల్ టీచర్, సికింద్రాబాద్:

అమ్మా, మీరు రాసింది రెండుసార్లు చదివాను. మేధో వైకల్యం ఉన్న పెద్ద పిల్లలకు పని నేర్పడమే 19 ఏళ్లుగా నా ఉద్యోగం. కాస్త పెద్దగానే రాస్తాను, ఓపిగ్గా చదవండి.

ముందు ఆ 23 రోజుల సంగతి. అక్కడ మీ బాబు ఓడిపోలేదు. వాడికి పని ఇవ్వనేలేదు. "ఏదో ఒకటి చేస్తాడు" అనేది పని కాదమ్మా. మన పిల్లలకు ఏ పని, ఎక్కడ మొదలు, ఎక్కడ అయిపోతుంది, అర్థం కాకపోతే ఎవర్ని అడగాలి అన్నవి నాలుగూ తెలియాలి. రోజుకో పని చెబితే మామూలు కుర్రాడు సర్దుకుంటాడు. మీవాడికి అది రోజూ కొత్త పరీక్ష. ఇక నోటు సంగతి. పాత స్కూల్లో ఆట నోట్లతో నేర్పి ఉంటారు. కొత్త 20 నోటు ఆకుపచ్చ కలిసిన పసుపు, 200 నోటు నిండు పసుపు. రెండు పసుపుల మధ్య తేడా చెప్పమంటే వాడే కాదు, తొందరలో నేనూ తడబడతాను. రంగుతో నేర్పకండి. రెండు నోట్లూ ఎడమ అంచులు కలిపి ఒకదాని మీద ఒకటి పెట్టించండి. 200 నోటు దాదాపు వేలెడు వెడల్పు బయటికి వస్తుంది. వారం పాటు రోజూ పది సార్లు అసలు నోట్లతోనే చేయించండి. కళ్లకంటే ముందు వేళ్లు నేర్చుకుంటాయి.

కొనడానికి వెళ్లినప్పుడు కూడికలూ తీసివేతలూ అక్కర్లేదు. జేబులో పది రూపాయల నోట్లే పెట్టండి. దుకాణం వాడు 34 అన్నాడంటే ముప్పై అని వినపడగానే మూడుకు ఇంకొకటి కలిపి నాలుగు నోట్లు ఇవ్వాలి, చెయ్యి చాపి చిల్లర కోసం ఆగాలి. 20 దాకా లెక్క వచ్చిన పిల్లాడికి ఇది చాలా దగ్గర మెట్టు.

రెండోది, కొవ్వొత్తులు. తప్పు ఆ టీచర్లది కూడా కాదు, మేమందరం అలాగే నేర్పాం. ముందు ఏళ్ల తరబడి సెంటర్లో నేర్పి, ఆ తర్వాత ఉద్యోగం వెతికేవాళ్లం. మన పిల్లలకు ఒకచోట వచ్చిన విద్య ఇంకోచోటికి దానంతటది రాదు. మా సెంటర్లో గిన్నెలు అద్దంలా తోమే అమ్మాయి ఇంట్లో సింకు ముందు కదలకుండా నిలబడిపోయిందని వాళ్లమ్మ ఏడుస్తూ ఫోన్ చేసింది. వెళ్లి చూస్తే మా దగ్గర పంపు పైకెత్తే రకం, వాళ్లింట్లో తిప్పే రకం. అంతే తేడా. ఆ రోజు నుంచి నేను పద్ధతి మార్చుకున్నాను. ముందు పని చోటు చూసుకుంటాను, ఆ చోటుకే పిల్లాడిని తీసుకెళ్లి, అక్కడి సామాన్లతో, అక్కడి మనుషుల మధ్య నేర్పుతాను. పక్కన నిలబడి నేర్పే మనిషిని జాబ్ కోచ్ అంటారు. కోచ్ మొదటి రోజుల్లో భుజం పక్కనే ఉంటాడు, తర్వాత గుమ్మం దగ్గర, ఆ తర్వాత వారానికి ఒకసారి వస్తాడు.

ఇప్పుడు ఇంట్లో. పది పనులు ఒకేసారి మొదలుపెట్టకండి. ఒక్కటి తీసుకోండి. నేనైతే టీతో మొదలుపెడతాను, ఎందుకంటే టీ రోజూ ఉంటుంది, తాగేవాళ్లు మెచ్చుకుంటారు. కానీ మొదటి మెట్టు నుంచి కాదు, చివరి మెట్టు నుంచి నేర్పండి. టీ అంతా మీరే పెట్టి గ్లాసులో పోసేయండి. గ్లాసు నాన్నకు అందించడం మాత్రం వాడి పని. నాన్న "టీ బాగుందిరా" అనేది వాడితోనే. అది స్థిరపడ్డాక జల్లెడ పెట్టి వడపోయడం వాడిది. ఆ తర్వాత స్టవ్ కట్టేయడం, ఆపైన పంచదార, ఆపైన పొడి. ఇలా వెనక్కి వెనక్కి వెళ్లాలి. ఎన్ని రోజులు పట్టినా, ప్రతి రోజూ పని పూర్తి చేసింది వాడే అవుతాడు. ముందు నుంచి నేర్పితే నాలుగో మెట్టులో తప్పు జరిగి, మిగతాది మీరు లాక్కుని చేసేస్తారు. అప్పుడు వాడికి మిగిలేది తప్పు ఒక్కటే. గ్యాస్ భయమైతే ఇండక్షన్ స్టవ్ పెట్టండి.

సాయం ఎలా చేయాలన్నది ఇంకా ముఖ్యం. అమ్మలందరూ నోటితో చేస్తారు. "తియ్యి, తియ్యి, అది కాదు, పక్కది." ఈ మాటలు పోగొట్టడం చాలా కష్టమమ్మా. పిల్లాడు పనిని కాకుండా మీ గొంతును నేర్చుకుంటాడు. మీరు పిలిచే దాకా చెయ్యి కదలదు. ముందు వాడి చెయ్యి మీద మీ చెయ్యి వేసి చేయించండి. తర్వాత మోచెయ్యి దగ్గర తాకితే చాలు. ఆ తర్వాత వేలితో చూపండి. ఆ తర్వాత చూపు. మాట వీలైనంత తక్కువ. వాడు ఆగిపోయినప్పుడు మనసులో పది లెక్కపెట్టి అప్పుడు సాయపడండి. ఆ పది అంకెలు తల్లికి ఎంత కష్టమో నాకు తెలుసు. చేతులు వెనక్కి కట్టుకుని నిలబడండి.

మీవాడి కవర్ల సంగతి చదవగానే నాకు మా దగ్గరి ఒక అబ్బాయి గుర్తొచ్చాడు. అతన్ని కర్రీ పాయింట్‌లో పెట్టాం, సాంబారు ప్యాకెట్లు కట్టడానికి. చూడటానికి చిటికెలో అయిపోయే పని. మెట్లు రాసుకుంటే 11 వచ్చాయి. కవరు నోరు తెరవడం దగ్గరే రెండు రోజులు పట్టింది, తడి స్పాంజి పెట్టి వేలు తడుపుకోవడం నేర్పితే దారికొచ్చింది. గాలిలో పట్టుకున్న కవరులో గరిటెతో పోయడం అతని వల్ల కాలేదు. అందుకని ఒక స్టీలు గ్లాసులో కవరు దింపి, అంచు బయటికి మడిచి, అందులో పోయించాం. గరిటె నిండా ఒకటి. పైకి తీసి, మెడ దగ్గర పట్టి, మూడు తిప్పులు, రబ్బరు బ్యాండు. మొదటి వారం వేడి సాంబారు దగ్గరికే రానివ్వలేదు. చల్లటి నీళ్లలో పసుపు కలిపి పోయించాం. రెండో వారం గోరువెచ్చగా. అసలు సాంబారు మూడో వారంలో. ఇప్పుడతను ఆ పని వేరే ఎవరికీ ఇవ్వడు.

సర్కారు సంగతి కూడా చెబుతాను. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో ప్రభుత్వ ఉద్యోగాల్లో 4 శాతం రిజర్వేషన్ ఉంది. అందులో మన పిల్లలకూ, ఆటిజం, నేర్చుకునే వైకల్యం, మానసిక అనారోగ్యం, ఒకటికంటే ఎక్కువ వైకల్యాలు ఉన్నవాళ్లకూ కలిపి 1 శాతం. అర్హత ఉంటే వదలొద్దు. కానీ దానికోసం ఎదురుచూస్తూ మరో మూడేళ్లు టీవీ ముందు కూర్చోబెట్టొద్దు. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో మేధో వైకల్యం ఉన్నవాళ్ల కోసం కేంద్ర ప్రభుత్వ సంస్థ ఉంది, 1984లో పెట్టారు. పాతవాళ్లు ఎన్ఐఎంహెచ్ అంటారు, ఇప్పుడు ఎన్ఐఈపీఐడీ. తెనాలి నుంచి రైలు ఉంది కదా, ఒకసారి తీసుకొచ్చి చూపించండి. ఏ పని ఎంతవరకు వచ్చు, తర్వాతి మెట్టు ఏది అని రాసి ఇస్తారు. వచ్చేటప్పుడు ఐక్యూ కాగితం ఒక్కటే కాదు, ఆ మడిచిన కవర్ల డబ్బా కూడా తీసుకురండి. దాన్ని చూస్తే నాకైతే కాగితం కంటే ఎక్కువ తెలుస్తుంది.

కర్రీ పాయింట్ నడుపుతాను, విజయవాడ:

అమ్మా, మేడమ్ గారు చెప్పినలాంటి అబ్బాయే మా షాపులో నాలుగేళ్లుగా చేస్తున్నాడు. యజమాని వైపు నుంచి ఎలా ఉంటుందో చెబుతాను, మీకు షాపు వాళ్లతో మాట్లాడేటప్పుడు పనికొస్తుంది.

నేను మొదట పెట్టుకున్నది జాలితోనే. వాళ్ల నాన్న తెలిసినాయన. స్టూలు వేసి కూర్చోబెట్టి, భోజనం పెట్టి, సాయంత్రం పంపేవాణ్ని. పుణ్యం చేస్తున్నాననుకున్నాను. నాలుగో రోజు వాళ్ల టీచర్ వచ్చి చూసి, "పని లేకపోతే ఇంటికి పంపించేయండి సార్, ఇక్కడ కూర్చోవడం నేర్పకండి" అన్నారు. నాకు కోపం వచ్చింది. రాత్రి ఆలోచిస్తే ఆవిడన్నది నిజం.

తర్వాత ఆవిడ మూడు వారాలు రోజూ పదిన్నరకు వచ్చి రెండు దాకా నిలబడ్డారు. ప్యాకెట్ల బల్ల మీద ఫొటోలు అంటించారు. సాంబారుకు ఎర్ర రబ్బరు బ్యాండు, రసానికి పచ్చది అని పెట్టారు. ఇప్పుడు మా మిగతా కుర్రాళ్లు కూడా అదే చూసి కడుతున్నారు, కస్టమర్ ఇంటికెళ్లి రసం బదులు సాంబారు వచ్చిందనే గొడవ తగ్గింది. ఒకసారి గరిటె విరిగితే కొత్తది తెచ్చాను, కొంచెం పెద్దది. ఆ పూట పని ఆపి గోడ వైపు తిరిగి నిలబడ్డాడు. ఎంత బతిమాలినా కదల్లేదు. పాత సైజు గరిటె కోసం గవర్నర్‌పేట దాకా తిరిగి రెండు కొన్నాను, ఒకటి స్పేర్‌గా ఉంచాను. ఆ తర్వాత ఆ సమస్య రాలేదు. ఏ మార్పు వచ్చినా ముందురోజు సాయంత్రమే చూపించి చెబుతాను.

ఇబ్బందులు కూడా చెప్పాలి. ఆదివారం రద్దీ, అరుపులు అతను తట్టుకోలేడు, కాబట్టి ఆదివారం సెలవు. ఒకావిడ "ఇలాంటివాళ్ల చేతి ప్యాకెట్ నాకొద్దు" అంది. అందరికీ గ్లోవ్స్, టోపీలు ఉన్నాయి, చూసుకుని తీసుకెళ్లండి, లేదంటే మీ ఇష్టం అన్నాను. ఆవిడ మళ్లీ వస్తూనే ఉంది.

జీతం గంటల లెక్కన మిగతావాళ్లతో సమానం. బ్యాంకులో వేస్తే మాత్రం అతనికి జీతం వచ్చినట్టు అనిపించదు. అందుకని 500 చేతికిచ్చి మిగతాది ఖాతాలో వేస్తున్నాను. ఆ 500 నోటు వాళ్లమ్మకు ఇచ్చే దాకా జేబు మీద నుంచి చెయ్యి తియ్యడు. మీ బాబుకు 23 రోజులకు డబ్బు ఇవ్వకపోవడం చాలా తప్పమ్మా. ఈసారి మాట్లాడేటప్పుడు మొదటి రోజే పని ఏది, గంటలు ఎన్ని, ఎంత ఇస్తారు అని కాగితం మీద రాయించుకోండి.

కరీంనగర్ నుంచి ఒక అమ్మ:

అక్కా, మా బిడ్డకు 19, డౌన్ సిండ్రోమ్. టైలర్ షాపులో రోజూ రెండు గంటలు జాకెట్ల దారాలు కత్తిరించి మడతలు పెడుతుంది. నేను పని గురించి కాదు, ఇంకోటి చెప్పాలని రాస్తున్నా.

మీరు స్నానం చేయిస్తున్నానని రాశారు. 21 ఏళ్ల పిల్లగాడు, ఇక అది మానెయ్యాలి అక్కా. సిగ్గు గురించి కాదు. తన ఒంటిని ఎవరైనా ముట్టుకోవచ్చు, బట్టలు ఎవరైనా విప్పొచ్చు అని వాడు అనుకుంటే రేపు బయటికెళ్లిన చోట వాడికే ప్రమాదం. మన పిల్లలకు చిన్నప్పటి నుంచి పెద్దవాళ్లు చెప్పింది వినమనే నేర్పాం. వద్దు అనడం నేర్పలేదు. మా బిడ్డకు బయటికి పంపే ముందు మూడు నెలలు అదే నేర్పాను. తలుపు వేసుకుని గడియ పెట్టుకోవడం, ఎవరైనా ముట్టుకుంటే గట్టిగా "వద్దు" అని అరవడం, ఇంటికొచ్చి నాకు చెప్పడం. అరవడం ఇంట్లో ప్రాక్టీస్ చేయించాను, పక్కింటివాళ్లకు ముందే చెప్పి. బాబులకూ ఇదంతా నేర్పాలి.

నెలసరి గురించి అడిగే అమ్మలు ఉంటారు కాబట్టి అది కూడా రాస్తున్నా. లోపలి బట్ట మీద ప్యాడ్ ఆకారం స్కెచ్ పెన్నుతో గీశాను, ఎక్కడ అతికించాలో తెలియడానికి. మామూలు రోజుల్లోనే రోజుకొకసారి పెట్టడం, తీసి పేపర్లో చుట్టడం, డబ్బాలో వెయ్యడం, చెయ్యి కడగడం నేర్పాను. క్యాలెండర్ మీద ఎర్ర బొట్టు తనే పెడుతుంది. ఏడాది పట్టింది. ఇప్పుడు షాపులో కూడా తన సంచి తీసుకుని తనే వెళ్లి వస్తుంది.

వీపు రుద్దుకోవడానికి రెండు చివర్లా పిడులుండే పట్టీ దొరుకుతుంది, అది కొనండి. గడ్డానికి బ్లేడు వద్దు, ట్రిమ్మర్ ఇవ్వండి. అద్దం ముందు నాన్న పక్కన నిలబడి తన గడ్డం తీసుకుంటే వాడు చూసి చేస్తాడు.

విశాఖ, ఒక తమ్ముడి అక్క:

నేను అమ్మను కాదు, అక్కను. మా తమ్ముడికి 34. మా అమ్మ 2021లో పోయింది. నాన్న అంతకు ముందే లేరు. అమ్మ కూడా మీలాగే అన్నం కలిపి ముద్దలు పెట్టేది. అమ్మ పోయిన తర్వాత నాలుగు రోజులు వాడు కంచం ముందు కూర్చుని లేచిపోయేవాడు. దుఃఖం అనుకున్నాం. ఐదో రోజు మా పిన్ని కలిపి ముందు పెడితే గబగబా తిన్నాడు. వాడికి ఆకలి వేసింది, కలుపుకోవడం తెలియలేదు, అడగడం అంతకన్నా తెలియలేదు. ఇది రాస్తుంటే ఇప్పటికీ చెయ్యి వణుకుతోంది. దయచేసి అన్నం కలుపుకోవడం ఈ రోజే మొదలుపెట్టండి. చొక్కాలు ఉతుక్కోవచ్చు.

నేను నేర్పడానికి నాలుగు నెలలు పట్టింది. ముందు పెరుగన్నం, తర్వాత పప్పు. అంచులెత్తుగా ఉన్న లోతు కంచం కొన్నాను.

ఇంకో రెండు పనులు మీరు ఆరోగ్యంగా ఉండగానే చేయండి. ఒకటి నోట్‌బుక్. వాడు తనంతట తాను చేసేవి, సాయం కావాల్సినవి, మందుల టైములు, దేనికి భయపడతాడు, బాధ వేస్తే ఏం చేస్తాడు అన్నవి రాసి పెట్టండి. మా అమ్మకు ఇవన్నీ తెలుసు, మాకు ఒక్కటీ రాసి ఇవ్వలేదు. రెండోది గార్డియన్ కాగితాలు. 18 దాటాక తల్లిదండ్రులైనా చట్టం ప్రకారం దానంతటదే గార్డియన్ కారు. 1999 నేషనల్ ట్రస్ట్ చట్టం కింద జిల్లాల్లో కలెక్టర్ ఆధ్వర్యంలో లోకల్ లెవెల్ కమిటీ ఉంటుంది, అక్కడ అప్లై చేయాలి. ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, మేధో వైకల్యం, ఒకటికంటే ఎక్కువ వైకల్యాలు ఉన్నవాళ్లకు ఇది వర్తిస్తుంది. ఆ ట్రస్ట్‌దే నిరామయ అని ఆరోగ్య బీమా కూడా ఉంది, లక్ష రూపాయల దాకా.

గార్డియన్ అయ్యాను కదా అని అన్నీ నేనే నిర్ణయించడం మొదలుపెట్టాను ఒక ఏడాది. ఏ చొక్కా, ఏ కూర, ఎక్కడికి వెళ్లాలి. వాడు నెమ్మదిగా మాట్లాడటం తగ్గించాడు. ఇప్పుడు రోజూ రెండు చొక్కాలు తీసి మంచం మీద పెడతాను, ఒకటి వాడు తీసుకుంటాడు. మాట మళ్లీ వచ్చింది.

తెనాలి అమ్మ:

ఐదు వారాలైంది. ఏం జరిగిందో చెప్పాలని వచ్చాను.

విశాఖ అమ్మాయి రాసింది చదివి ఆ రాత్రి నిద్ర పట్టలేదు. మర్నాడే లోతు కంచం కొన్నాను. మొదటి నాలుగు రోజులు చొక్కా, చాప, గోడ అన్నీ పప్పే. నేను వంటింట్లోకి వెళ్లి నిలబడేదాన్ని, చూస్తే ఆగలేనని. ఇప్పుడు పప్పన్నం, పెరుగన్నం తనే కలుపుకుంటున్నాడు. సాంబారు ఇంకా కారిపోతుంది.

స్నానానికి తలుపు వేసుకుంటున్నాడు. నేను బయట పీట వేసుకుని కూర్చుంటున్నాను. మొదటి రోజు లోపల నుంచి "అమ్మా" అని పిలిచాడు, పది లెక్కపెట్టాను. రెండోసారి పిలవలేదు. సబ్బు సరిగ్గా కడుక్కోవడం లేదు, మెడ మీద నురగ ఉంటుంది, అయినా తలుపు తీసుకుని తనే వచ్చాడు. టీ వడపోసే దాకా వచ్చాం మేడమ్. వాళ్ల నాన్న రోజుకు నాలుగు సార్లు టీ అడుగుతున్నారు, షుగర్ అని తెలిసీ. పంచదార లేకుండా పెడుతున్నాం.

గ్లాసు, కవరు పద్ధతి పసుపు నీళ్లతో చేయిస్తున్నాను. కవరు తెరవడం వాడికి ఒక్క పూటలో వచ్చేసింది, ఆ కవర్లు మడిచే అలవాటు వల్లేమో. రబ్బరు బ్యాండు దగ్గరే ఇబ్బంది. రెండు చుట్లు వెయ్యగానే జారి ఎగిరిపోతుంది, చిరాకు పడుతున్నాడు. బస్టాండ్ దగ్గర ఒక కర్రీ పాయింట్ ఆయన 11 నుంచి 1 దాకా ఒప్పుకున్నారు. విజయవాడ అన్నయ్య గారు చెప్పినట్టు పని, గంటలు, డబ్బు కాగితం మీద రాయించుకున్నాం. కానీ బ్యాండు వెయ్యడం రాకుండా పంపొచ్చా? ఇక్కడ జాబ్ కోచ్ ఎవరూ లేరు, నేనే నిలబడాలా?

వొకేషనల్ టీచర్, సికింద్రాబాద్:

పంపండి అమ్మా. అన్నీ వచ్చాక పంపుదామంటే ఎప్పటికీ పంపలేం. సన్న బ్యాండ్లు మానేసి వెడల్పువి, కొంచెం వదులువి కొనండి. ముందు బ్యాండును ఎడమ చేతి రెండు వేళ్లకు తొడిగించి, ఆ వేళ్లతోనే కవరు మెడ పట్టుకోమనండి. అప్పుడు బ్యాండు వేళ్ల మీద నుంచి మెడ మీదికి జారుతుంది, చుట్టక్కర్లేదు. రెండో చుట్టు ఇప్పుడే వద్దు.

ఇంకోటి, మొదలే సాంబారు వద్దు. ఆయన్ని పెరుగు ప్యాకెట్లు అడగండి. చల్లగా, చిక్కగా ఉంటుంది, చిందినా కాలదు. మీరు నిలబడొద్దు, మిమ్మల్ని చూస్తే వాడు ఆగిపోతాడు. పాత స్కూలు టీచర్లలో వాడికి ఇష్టమైనవాళ్లు ఎవరైనా ఉంటే రెండు వారాలు ఆ రెండు గంటలు రమ్మనండి, వాళ్ల టైముకు డబ్బు ఇవ్వండి. నేను వాళ్లతో ఫోన్లో మాట్లాడతాను. షాపు అన్న మాటకు భయపడతాడన్నారు కదా, ముందు రెండు సాయంత్రాలు అక్కడికి కూర కొనడానికి తీసుకెళ్లండి, పది నోట్లతో వాడితోనే కొనిపించండి. తిట్టిన చోటు ఇది కాదని వాడు చూడాలి.

తెనాలి అమ్మ:

నిన్న, ఇవాళ వెళ్లొచ్చాం మేడమ్. నిన్న నా చెయ్యి వదల్లేదు. ఇవాళ నాలుగు పది నోట్లు ఇచ్చి, చెయ్యి చాపి నిలబడ్డాడు. ఆయన చిల్లర ఐదు రూపాయలు చేతిలో పెట్టారు. స్కూలు టీచర్ ఒప్పుకుంది. సోమవారం నుంచి పెరుగు ప్యాకెట్లు. గ్లాసు మాత్రం మన ఇంటిదే తీసుకెళ్తానంటున్నాడు, కడిగి కవర్ల డబ్బా పక్కన పెట్టుకున్నాడు.